తలుపు మూసికొన్న దీపధారిణి

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినగానే పాఠశాల బాలబాలికల మనస్సులందు ఒక చిత్రము మెదలును. గాయపడిన సైనికులు బారులు తీరి పరుండియున్న వైద్యశాలలో, నడిరేయి చేత దీపము ధరించి, ఒక్కొక్క మంచము కడకు నడచిపోవు స్త్రీమూర్తి యది. ఆ చిత్రము అసత్యము కాదు. కాని 90 ఏండ్లు జీవించిన ఆ మహిళ యుద్ధభూమి యాసుపత్రులలో గడపిన కాలము రెండేండ్లకు లోపే. అటుపిమ్మట దశాబ్దముల తరబడి ఆమెయే రోగి. ఒడలెల్ల నొప్పులతో, అంతులేని అలసటతో, గది తలుపు మూసికొని ఆమె గడపిన జీవితము పాఠ్యపుస్తకములకు అంతగా ఎక్కలేదు. లోకమునకు ఆమె చేసిన మేలులో అధికభాగము ఆ మూసిన తలుపు వెనుకనే జరిగెను.

1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశమునందలి ఫ్లారెన్సు నగరమున ఆమె జన్మించెను. ఆ నగరము పేరే తలిదండ్రులు బిడ్డకు పెట్టిరి. వారు ఇంగ్లండులో మిక్కిలి సంపన్నులు. తండ్రి విలియం ఎడ్వర్డు నైటింగేలు కుమార్తెలిద్దరకును గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును స్వయముగా బోధించెను. ఫ్లారెన్సునకు గణితమనిన ఎనలేని మక్కువ. దైవము తన్ను సేవకు పిలిచినట్లు 1837లో ఆమెకు తోచెను. ఆ సేవ రోగిపరిచర్య యని నిశ్చయించుకొనుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. ఆ దినములలో ఇంగ్లండులో నర్సు వృత్తి యనిన పెద్ద కుటుంబములవారికి చులకన. తల్లియు అక్కయు కంటనీరు పెట్టుకొని అడ్డుపడిరి. ఏండ్ల తరబడి ఇంట పోరాడి, 1851లో జర్మనీ దేశములోని కైసర్‌వర్తులో శిక్షణ పొంది, 1853లో లండను నగరమున ఒక చిన్న వైద్యాలయమునకు ఆమె నిర్వాహకురాలయ్యెను.

మరుసటి సంవత్సరమే క్రిమియా యుద్ధము వచ్చెను. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్టు కోరికపై ఆమె 38 మంది నర్సులతో బయలుదేరి, 1854 నవంబరు 4వ తేదీన టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాల చేరెను. అక్కడ తుపాకి గుండ్ల కంటె విరేచనములు, విషజ్వరములు ఎక్కువమందిని చంపుచుండెను. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరినవారిలో నూటికి 42 మంది మరణించిరి. మార్చి నెలలో ఇంగ్లండు నుండి వచ్చిన పారిశుద్ధ్య సంఘము మురుగుకాలువలను బాగుచేయించి, నీటిని శుభ్రపరచిన పిమ్మట, జూను నాటికి ఆ సంఖ్య రెండింటి దరిదాపులకు దిగివచ్చెను. ఆ సంఘములోని వైద్యుడు జాన్ సదర్లాండు తరువాతి కాలమున ఆమెకు చిరకాల సహచరుడయ్యెను.

1855 మే నెలలో క్రిమియాలోని బాలక్లావా యాసుపత్రులను చూడబోయిన ఆమెకు తీవ్రమైన జ్వరము తగిలెను. అక్కడివారు దానికి క్రిమియా జ్వరమని పేరు పెట్టియుండిరి. కొన్నాళ్లు ఆమె ప్రాణముపై ఆశ లేకపోయెను. జ్వరము తగ్గినది, ఆరోగ్యము మాత్రము మరల రాలేదు. నడుము నుండి కాలి వరకు దిగుచుండు నరముల నొప్పి, కీళ్ల నొప్పులు, నిద్రలేమి ఆమెను పట్టుకొనెను. వైద్యులు ఇంటికి పొమ్మనిరి. ఆమె వినక, యుద్ధము ముగిసి తుది రోగి వెడలువరకు పనిచేసి, 1856 ఆగస్టులో స్వదేశము చేరెను.

దేశమంతయు ఆమెకు బ్రహ్మరథము పట్టుటకు సిద్ధముగా నుండెను. ఆమె సన్మానములకు దూరముగా తొలగి, సైనికుల మరణములకు కారణములు వెదకు రాజసంఘమును వేయించుటకు పూనుకొనెను. 1857లో ఆ సంఘము ఏర్పడెను. స్త్రీ యగుటచే ఆమెకు సభ్యత్వము లేదు. అధ్యక్షుడు సిడ్నీ హెర్బర్టు. కాని లెక్కలు కట్టి, సాక్షులకు ప్రశ్నలు సిద్ధపరచి, నివేదికకు రూపమిచ్చుటలో ముఖ్యపాత్ర ఆమెదే. రాత్రియనక పగలనక పనిచేసి, ఆ ఆగస్టు నెలలో ఆమె కుప్పకూలెను. అప్పటికి వయస్సు 37 సంవత్సరములు. గుండెదడ, ఊపిరాడకపోవుట, ఆహారము చూచిన వికారము, లేచి నిలువలేని నీరసము. మరణము ఆసన్నమైనదని తలచి, తన మరణానంతరము హెర్బర్టునకు పంపవలసిన లేఖను సహితము ఆమె వ్రాసియుంచెను. ఆ లేఖ వ్రాసిన పిమ్మట ఆమె 53 సంవత్సరములు జీవించెను.

1861 చివర, క్రిస్మసు దినములలో, వ్యాధి మరింత ముదిరెను. వెన్నెముకలో భరింపరాని నొప్పి పుట్టి, సుమారు ఆరేండ్లు ఆమె నడువలేని స్థితిలో మంచము పట్టియుండెను.

ఇది ఏ వ్యాధి? ఆనాటి వైద్యులకు తెలియలేదు. ఒకరు గుండె బలహీనత యనిరి. ఒకరు నరముల దౌర్బల్యమనిరి. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు మాల్టా ద్వీపమున ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అది కలిగించు వ్యాధికే నేడు బ్రూసెల్లోసిస్ అని పేరు. కాచని పాల ద్వారా మనుష్యులకు సోకి, కొందరిలో ఏండ్ల తరబడి విడువక, కీళ్లను, వెన్నుపూసలను, మనస్సును పీడించుట దాని స్వభావము. ఆమెను వేధించినది ఈ వ్యాధియే కావచ్చునని 1995లో డేవిడ్ యంగ్ అను శాస్త్రజ్ఞుడు వైద్యపత్రికలో వాదించెను. అది బలమైన ఊహయే కాని, నేడు పరీక్షించి తేల్చుటకు వీలులేదు.

దీర్ఘకాలిక అలసట రుగ్మత యని నేడు చెప్పబడు వ్యాధితో బాధపడువారు ఆమె కథలో తమ కథను చూచుకొందురు. ఆ రుగ్మతలో అలసట సామాన్యమైన అలసట కాదు. రాత్రి నిద్రపోయినను తీరదు. కండరములు, కీళ్లు, తల అన్నియు నొప్పి పెట్టును. శక్తికి మించి చేసిన శ్రమకు శిక్ష అప్పుడే రాక, కొన్ని గంటలకో మరునాడో వచ్చి, దినముల తరబడి నిలిచిపోవును. రోగమును నిర్ధారించు రక్తపరీక్ష లేదు. సంపూర్ణముగా నయము చేయు మందును లేదు. వ్యాయామము క్రమముగా పెంచుచు పోవలెనను పాత సలహాను బ్రిటిషు వైద్య మార్గదర్శకులు 2021లో విడిచిపెట్టి, ఉన్న శక్తిని పొదుపుగా వాడుకొనుటయే మేలని చెప్పిరి.

ఆ పొదుపును ఫ్లారెన్సు నైటింగేలు ఎవరును చెప్పకయే నేర్చుకొనెను. నెల జీతము చాలని గృహస్థు పైస పైసకు లెక్క చూచుకొన్నట్లు ఆమె తన శక్తికి లెక్క చూచుకొనెను. లండనులో మొదట హోటలు గదులలోను, 1865 నుండి సౌత్ వీధిలోని ఇంటిలోను నివసించుచు, ముందుగా కబురంపనిదే ఎవరిని రానిచ్చెడిది కాదు. వచ్చినను ఒకసారి ఒక్కరే రావలెను. మంత్రియైనను, రాజప్రతినిధియైనను ఈ నియమమునకు లోబడవలసినదే. ఎవరితోనైన మాటలాడుటకు ముందు విశ్రాంతి. మాటలాడిన పిమ్మట విశ్రాంతి. నోటిమాట కంటె జాబు తక్కువ అలసట కలిగించునని గ్రహించి, పడకపై ఒరిగి వేలకొలది జాబులు వ్రాసెను. చెవుడు గల డాక్టరు సదర్లాండుతో ఒకే ఇంట ఉండియు కాగితపు ముక్కలపై సంభాషించుట వాడుక. వెన్నునొప్పి భరింపరానిదైనపుడు, అప్పటికి క్రొత్తగా వచ్చిన పద్ధతిని అనుసరించి, చర్మము క్రింద నల్లమందు సూది వేయించుకొని కొంత ఉపశమనము పొందెను. పెంపుడు పిల్లులు ఆమె గదిలో తిరుగుచుండెడివి.

ఆ గది నుండియే 1860లో సెయింట్ థామసు ఆసుపత్రియందు నర్సుల శిక్షణ పాఠశాల వెలసెను. ఆ గదిలోనే భారతదేశములోని సైనిక నివాసముల నుండి వచ్చిన సమాచారము కట్టలు కట్టలుగా పేరుకొనెను. 1863లో వెలువడిన రాజసంఘ నివేదిక సుమారు 2,000 పుటల గ్రంథము. భారతదేశమున ఆంగ్ల సైనికుల మరణములు అప్పుడు సాలుకు వేయికి 69. పదేండ్లకు 18కి దిగినట్లు ఆమె లెక్కచూపెను. సైనికులతో ఆరంభమైన శ్రద్ధ క్రమముగా రైతులకు, గ్రామములకు వ్యాపించెను. గోదావరికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటనుతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములు నడచెను. కరవులను ఆపుటకు కాలువలు త్రవ్వవలెనను ఆయన వాదమును, 1876-78 నాటి దక్షిణదేశపు మహాక్షామ కాలమున ఆమె గట్టిగా బలపరచెను. ఆమె భారతదేశమును కన్నులార చూడనేలేదు.

ఇంతమాత్రమున, సంకల్పము గట్టిదైనచో వ్యాధి తల వంచునని దీనినుండి నీతి తీయుట అన్యాయము. ఆమెకు తండ్రి యిచ్చు ధనము కలదు. వంటవారు, పనివారు కలరు. కబురంపిన వచ్చు మిత్రులు కలరు. కూలి చేసిన గాని కూడు లేనివానికి తలుపు మూసికొను భాగ్యము లేదు. పైగా ఆమె పొదుపు నేర్చినను, తన్ను తాను మితిమీరి శ్రమపెట్టుట మానలేదు. దాని ఫలితమును దేహము పలుమారులు అనుభవించెను.

ఆమె చరిత్రలో మరియొక బాధాకరమైన ఘట్టము కలదు. సిడ్నీ హెర్బర్టు మూత్రపిండముల వ్యాధితో క్షీణించుచుండినపుడు, పని విడువవలదని ఆమె ఆయనను ఒత్తిడి చేసెను. పడకపై నుండి తాను పనిచేయుచుండగా, లేచి తిరుగుచున్న మనిషి ఏల చేయలేడని ఆమె తలంపు. 1861 ఆగస్టు 2వ తేదీన ఆయన మరణించెను. అటుపై ఆమె శోకమునకు మేర లేదు. రోగి బాధ తెలిసిన రోగియే మరియొక రోగి బాధను కొలువలేకపోయినచో, ఆరోగ్యవంతుల మాట చెప్పనేల!

ఐనను పరుల బాధను గ్రహించుటకు లోకమునకు పాఠము చెప్పినదియు ఆమెయే. రోగిపరిచర్యపై 1859లో ఆమె వ్రాసిన చిన్న పుస్తకము మంచముపై నున్న మనిషి కన్నులతో గదిని చూచును. గది వెలుపల గుసగుసలు రోగికి పెద్ద చప్పుడు కంటె హాని. ఎప్పుడు ఎవరు వచ్చెదరో తెలియని నిరీక్షణ శ్రమ కంటె అధికమైన శ్రమ. ఏమియు కాదని, త్వరలో కోలుకొందువని తేలికగా పలుకు ఓదార్పు రోగిని ఒంటరిని చేయును. కిటికీలోనుండి కానవచ్చు ఆకాశము, ఒక పూవు, ఒక చిన్న పెంపుడు జంతువు దీర్ఘరోగికి మందువంటివి. ఈ మాటలు ఆరోగ్యవంతురాలి ఊహలు కావు. కుప్పకూలిన రెండేండ్లకు, నొప్పుల నడుమ ఆమె కనుగొన్న సత్యములు.

ఆమెను నమ్మనివారును లేకపోలేదు. ఆ జబ్బు చాలవరకు మనస్సు కల్పించినదని, బంధువులను దూరముంచుటకు, పని సాగించుకొనుటకు అది ఆమెకు ఉపకరించినదని వాదించిన గ్రంథములు 20వ శతాబ్దమున వెలువడెను. 1974లో జార్జి పికరింగ్ అను ప్రసిద్ధ వైద్యుడే అట్లు వ్రాసెను. కంటికి గాయము కానరాని నొప్పికి సాక్ష్యము రోగి మాటయే. ఆ మాటను త్రోసిపుచ్చుట ఎంత సులభమో, మహాకీర్తి పొందిన ఈమె విషయమే చెప్పును.

అరువది యేండ్లు దాటిన పిమ్మట నొప్పులు కొంత శాంతించెను. స్వభావమును మెత్తబడెను. తుదకు కన్నులు కనబడకపోయెను. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన తొలి మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన ఆమె నిద్రలోనే కన్నుమూసెను. వెస్టుమినిస్టరు దేవాలయమున సమాధి చేసెదమని ప్రభుత్వము కోరగా, ఆమె అభీష్టము ననుసరించి బంధువులు అంగీకరింపలేదు. పల్లెలోని కుటుంబ సమాధిపై ఆమె పేరు తొలి యక్షరములు, జనన మరణ వివరములు మాత్రమే చెక్కిరి.

ఆమె జన్మదినమైన మే 12వ తేదీని ప్రపంచమంతటను నర్సుల దినముగా జరుపుదురు. 1990వ దశకము నుండి దీర్ఘకాలిక అలసట రుగ్మతను, ఒడలెల్ల నొప్పులతో బాధించు ఫైబ్రోమయాల్జియాను గూర్చి లోకమునకు తెలియజెప్పు దినమును అదియే. పరిచర్య చేయువారును, పరిచర్య పొందువారును ఒకే దినమున ఒకే స్త్రీని స్మరించుట ఉచితముగా నున్నది. తరగతిలో వెనుక బల్లపై తల వాల్చి, ఒళ్లు నొప్పులని చెప్పు పిల్లవాడు బద్ధకస్థుడో, కాడో చూపులకు తేలదు. వానిని మందలించుటకు ముందు ఒక్క క్షణము నమ్మి, ఏమి బాధయని అడుగు ఉపాధ్యాయుడు ఆమె దీపమును కొంత దూరము మోసినవాడగును.