దివాన్ దేవిడీ నవాబు

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ మీదుగా నయాపూల్ వైపు నడిచేవారికి దారిలో దివాన్ దేవిడీ తగులుతుంది. దుకాణాల సందడిలో అక్కడి పాత కమానును తలెత్తి చూసేవారు తక్కువ. ఒకప్పుడు ఆ కమాను వెనుక ఉన్నది నిజాం దివానుల నివాసం. మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ ఆ ఇంటి చివరి యజమాని.

ఆయన 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరగకుండానే తండ్రి రెండవ సాలార్‌జంగ్ కన్నుమూశారు. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 వరకు, అంటే ముప్ఫై ఏళ్ళపాటు, రాజ్యభారం మోసిన దివాను. అంతకు ముందు మీర్ ఆలం వంటి దివానులూ ఆ వంశం వారే. చెరువుకూ, మండీకీ నేటికీ నిలిచిన పేరు ఆయనదే. పొత్తిళ్ళలోనే ఇంతటి వంశానికి ఏకైక వారసుడైన పిల్లవాడు ఏమవుతాడో ముందే నిర్ణయమైనట్లుండేది.

అనుకున్నట్లే 1912లో ఏడవ నిజాం ఆయనను ప్రధానిగా నియమించారు. అప్పటికి నవాబు వయసు 23 ఏళ్ళు. కాని 1914లోనే ఆ పదవి వదులుకున్నారు. తాత ముప్ఫై ఏళ్ళు కూర్చున్న పీఠం మీద మనవడు మూడేళ్ళు కూడా లేరు. తర్వాతి 35 సంవత్సరాలు ఆయన ధ్యాసంతా వస్తువుల మీదే. వివాహం చేసుకోలేదు. జాగీరు రాబడిని చిత్రాలకు, శిల్పాలకు, గ్రంథాలకు వెచ్చించారు. పింగాణీ, దంతపు పనితనం, కత్తులు, గడియారాలు, పిల్లల ఆటబొమ్మలు, దేన్నీ వదలలేదు. వర్తకులు ఆయన ఇంటికి వరుస కట్టేవారు. కవులకు, రచయితలకు కూడా ఆయన ఆదరణ లభించింది.

ఈ సేకరణలో మేలిమితోపాటు నాసిరకం కూడా చేరిందనే విమర్శ ఉన్నది. ఐరోపా చిత్రాలలో నకళ్ళు కొన్ని ఉన్న మాట నిజమే. అయితే ఒక్క మనిషి అభిరుచి మీద సాగిన కొనుగోలులో అది సహజం. పైగా అన్నీ ఆయన కొన్నవి కావు. సందర్శకులు గుమిగూడే మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను 1876లో రోములో కొన్నది తాతగారు. ఇటలీ శిల్పి బెంజోనీ రాతిని పలుచని వస్త్రంలా మలచిన పనితనం అది.

1949 మార్చి 2న నవాబు మరణించారు. మీర్ మోమిన్ దాయిరాలోని కుటుంబ శ్మశానంలో ఖననం జరిగింది. పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. నేరుగా వారసులు లేరు. పంపకాలు మొదలైతే ఆ సొత్తు వేలంపాటల్లో దేశాలు పట్టి పోయేదే. ప్రభుత్వం ఎస్టేటు వ్యవహారాలకు కమిటీని వేసింది. గదుల్లో కిక్కిరిసిన వస్తువులను ప్రదర్శనకు అమర్చే పనిలో కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ తోడ్పడ్డారు. మదనపల్లె కళాశాలలో పనిచేసిన కజిన్స్ దొర ఈయనే. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియంను ప్రారంభించారు. బంధువుల హక్కుల తగాదా హైకోర్టు ద్వారా రాజీతో ముగిసింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యంగల సంస్థగా ప్రకటించింది.

1968లో సేకరణ దారుల్‌షిఫా వద్ద మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలింది. కుతుబ్‌షాహీల కాలపు వైద్యశాల దారుల్‌షిఫా పక్కనే ఉంది. కళాఖండాలు సుమారు 46 వేలు, రాతప్రతులు 8 వేలకు పైగా అక్కడ ఉన్నాయి. వాటన్నిటికంటె జనాన్ని ఆకర్షించేది కుక్ అండ్ కెల్వీ గడియారం. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టిపోతుంది. పన్నెండు కొట్టే వేళకు హాలులో చోటు దొరకదు.

దేవిడీ మాత్రం దక్కలేదు. భవనాలు చాలావరకు నేలమట్టమై దుకాణాలు, ఇళ్ళు లేచాయి. నవాబు నడిచిన దారిలో మిగిలింది ఆ కమానే.