శిలలో తరువును చదివిన సాహ్ని

కూలిన చెట్టు కట్టె అవుతుంది. కాలితే బూడిదగా, నేలలో కలిస్తే మన్నుగా మారుతుంది. ఇది లోకసహజం. కానీ ప్రకృతి ఏ కొన్ని తరువులకో మరణానంతరం శిలారూపాన్ని ప్రసాదిస్తుంది. ఆ శిలలను చదవడమే జీవితవ్రతంగా స్వీకరించిన శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని.

ఆయన 1891 నవంబరు 14న, నేటి పాకిస్తాన్‌లోని భేరా పట్టణంలో జన్మించారు. తండ్రి రుచిరామ్ సాహ్ని లాహోరులో రసాయనశాస్త్ర ఆచార్యులు. కుమారుడు ఐ.సి.ఎస్. అధికారి కావాలని ఆయన ఆశించినా, బీర్బల్ మనస్సు మొక్కలపైనే లగ్నమైంది. 1911లో కేంబ్రిడ్జి చేరి, ఆచార్య సీవార్డ్ వద్ద పురావృక్షశాస్త్రం అభ్యసించి, 1919లో స్వదేశానికి వచ్చారు. 1921లో లక్నో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖకు ప్రథమాచార్యులయ్యారు.

భూగర్భంలో చిక్కిన కొయ్యలోకి సిలికా కరిగిన నీరు ప్రవేశిస్తుంది. ఆ ఖనిజం కణకణంలోనూ పేరుకొని గట్టిపడుతుంది. కొయ్య నశించినా దాని అచ్చు రాతిలో నిలుస్తుంది. ఆ రాతిని పలుచగా కోసి, గాజుపలకకు అతికించి, వెలుతురు చొరబడేంతవరకు అరగదీస్తే సూక్ష్మదర్శిని కింద ప్రాచీన వృక్షపు కణనిర్మాణం సాక్షాత్కరిస్తుంది.

రాజమహల్ కొండల్లో దొరికిన శిలాదారువును సాహ్ని ఈ విధంగానే పరిశీలించారు. అందులో దారునాళాలు లేవు. అయినా నిర్మాణసామ్యాన్ని బట్టి అది పుష్పించే మొక్కల కలపేనని భావించి, 1932లో హోమాక్సిలాన్ అని నామకరణం చేశారు. ఆ నిర్ణయం నిలువలేదు. అది బెన్నెటైటేలిస్ అనే వివృతబీజ వర్గానికి చెందినదని తరువాతి పరిశోధకులు తేల్చారు. విశేషమేమంటే, వారు దానికి సాహ్నియాక్సిలాన్ అని ఆయన పేరే పెట్టారు. నిర్ణయం మారింది గాని, నిశితమైన ఆ పరిశీలనకు గౌరవం తగ్గలేదు. ఆ కొండల్లోనే లభించిన మరికొన్ని శిలాజాల ఆధారంగా 1948లో ఆయన పెంటాక్సిలీ అనే నూతన వృక్షవర్గాన్ని లోకానికి పరిచయం చేశారు.

పురావృక్షశాస్త్రానికి ఒక పరిశోధనాలయం నెలకొల్పాలన్నది ఆయన చిరకాల స్వప్నం. 1949 ఏప్రిల్ 3న లక్నోలో జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. శిలాజాలను పొదిగి సాహ్ని రూపొందించిన శిలయే దానికి పునాదిరాయి అయింది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. భార్య సావిత్రి దుఃఖాన్ని దిగమింగి ఆ బాధ్యతను స్వీకరించారు. 1953లో ఆ భవనం ప్రారంభమైంది.

మలచినవాడు మరలిపోయినా పునాదిరాయి మిగిలింది. చెట్టు పోయినా దాని అచ్చు నిలిచినట్లే, మనిషి పోయినా నిజాయితీతో చేసిన కృషి నిలుస్తుంది. విద్యార్థులు సాహ్ని జీవితం నుండి గ్రహించవలసిన సత్యమిదే.