రాయితీ అడగని రాయబారి

పెద్ద కంపెనీల్లో ప్రభుత్వంతో మాట్లాడటానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉంటాడు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసే విశ్వాసులకు ఈ సంగతి కొత్త కాదు. అనుమతులు, పన్నులు, విదేశీ వ్యవహారాలు అన్నిటా కంపెనీ తరఫున ఆయన మాటే మాట. సంస్థకు ఎంత మేలు సాధించి తెస్తే అంత సమర్థుడని పేరు. బైబిలులో నెహెమ్యా కొంతవరకు అటువంటివాడే. రాజుకు పానపాత్ర అందించే ఉద్యోగంలో ఉండి, తన ప్రజల కోసం ఆ రాజునే అడిగి, అధికారులకు తాకీదులు రాయించుకుని యెరూషలేముకు బయలుదేరాడు.

మన తెలుగు సంఘాల తరఫున అలా పాలకుల ఎదుట, ప్రపంచ సభల ఎదుట నిలబడింది ఎవరని అడిగితే మాకు మొదట గుర్తొచ్చేది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. అయితే ఆయన అడిగి తెచ్చినవాటి కంటే, ఇస్తామన్నా వద్దన్నది ముఖ్యమని మా అభిప్రాయం.

ఆయన తెలుగువాడు కాదు. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక పాదిరిగారి ఇంట పుట్టారు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. మన దేశ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త పని చేయాలన్న భారంతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల మహాసభకు వెళ్ళారు. అంత పేరున్న మనిషి 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి డోర్నకల్ వచ్చారు. నాచారం పక్కనున్న మౌలాలి మీదుగా ఘట్‌కేసర్, కాజీపేట వైపు సాగే రైలు మార్గంలోనే ఉంది ఆ ఊరు. అప్పుడది నిజాం రాజ్యం. ముప్పై అయిదేళ్ళ వయసులో అక్కడ తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధులు. అందులో ఆసియావారు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. తమ కోసం పాశ్చాత్య సంఘాలు ధనం ఇచ్చాయి, ప్రాణాలూ ఇచ్చాయి, అందుకు కృతజ్ఞులం అన్నారు అజరయ్య. ఆ తరువాత అసలు సంగతికి వచ్చారు. మిషనరీలు తమతో పనిచేసే భారతీయులను సమానులుగా చూడటం లేదని, భారతీయ సంఘానికి ఇప్పుడు కావలసింది స్నేహితులని ముఖం మీదే చెప్పారు. సభలో కొందరికి ఆ మాటలు చాలా కోపం తెప్పించాయి. ఖర్చు పెట్టి పిలిపించినవారి ఎదుట అలా మాట్లాడటానికి ఎంత ధైర్యం కావాలో, విదేశీ సహాయంతో నడిచే సంస్థల్లో పనిచేసినవారికి మేము వివరించనక్కరలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. ఆరు రోజుల క్రితమే ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్ మీద బాంబు పడింది. పాలకులకు, పాలితులకు నడుమ నమ్మకం ఆ స్థితిలో ఉంది. భారతీయుడి చేతి కింద తెల్ల పాదిరులు ఎలా పనిచేస్తారని అభ్యంతరం చెప్పినవారున్నారు. భారతీయ క్రైస్తవుల్లోనూ కొందరు వద్దన్నారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టి జరిపించారు. 1945లో కన్నుమూసే వరకు సొంతంగా ఒక డయాసిస్‌ను ఏలిన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన ఒక్కరే.

ఆయన డయాసిస్ తరువాతి కాలంలో పెరిగి ఇటు నిజాం రాజ్యంలోను, అటు బ్రిటిష్ మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా ప్రాంతంలోను విస్తరించింది. ఒకే కాపరి, రెండు ప్రభుత్వాలు. ఎడ్లబండి మీద పల్లెలు తిరిగే ఆ బిషప్పే లండన్ లాంబెత్ సభల్లో, 1927లో లౌసాన్‌లో జరిగిన సంఘ ఐక్యత మహాసభలో మాట్లాడేవారు. 1929 నుంచి నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ అధ్యక్షుడు. 1938 తాంబరం ప్రపంచ మహాసభ జరిగినప్పుడు కూడా ఆ పదవిలో ఉన్నది ఆయనే.

ఇక ఆయన వద్దన్న సంగతి. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో ప్రోటెస్టెంట్లయిన కె.టి. పాల్, ఎస్.కె. దత్తా ప్రత్యేక నియోజకవర్గాలు కోరలేదు. పన్నీర్‌సెల్వం కోరారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ కమ్యూనల్ అవార్డు ప్రకటించి భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చారు. మన ఓట్లు మనకే, మన సీట్లు మనకే. చిన్న సమాజానికి ఇంతకంటే పెద్ద బహుమానం ఏముంటుంది? అజరయ్య గట్టిగా వ్యతిరేకించారు. సంఘం క్రీస్తు శరీరమే తప్ప సీట్ల కోసం పోటీపడే వర్గం కాదన్నది ఆయన వాదన. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మాల, మాదిగ విశ్వాసినీ పొరుగువాడు ఒక ఓటుగా లెక్కపెడతాడు. సువార్త రాజకీయమైపోతుంది.

ఆ భయం నిజమేనని త్వరలోనే తేలింది. 1936, 37 ప్రాంతంలో తెలుగు పల్లెల్లో జరుగుతున్న సామూహిక మతమార్పిడిని గాంధీజీ తన హరిజన్ పత్రికలో విమర్శించారు. అజరయ్య వెనక్కి తగ్గలేదు. పేదల జీవితాల్లో మార్పు చూసి ఇతర కులాలవారు కూడా వస్తున్నారని, నమ్మిన దేవుని వెంబడించే హక్కు పేదవానికీ ఉందని నిలబడ్డారు. దొరల బహుమానం వద్దన్నవాడే జాతీయ నాయకుడి మాటకూ తలవంచలేదు. రెండు వైపులా స్నేహితులు తగ్గారు.

ఇక్కడ ఒక ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేము. 1936 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు భారతీయ క్రైస్తవులను ఆ జాబితాలో చేర్చలేదు. అజరయ్య మందలో ఎక్కువమంది ఆ కులాలవారే. రాయితీ వద్దనడం చదువుకున్న బిషప్పుకు సులువు, కూలికి పోయే విశ్వాసికి కాదు కదా అని అడిగేవారున్నారు. అడగవలసిన మాటే. ఆయన మాత్రం వారికి కావలసినది బడి, అప్పుల నుంచి, సారాయి నుంచి విడుదల అని నమ్మి ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే అరిగిపోయారు. 1941 నాటికి ఆయన డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

1939 జనవరిలో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌ను చూసినవారికి తెలుసు. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాల వంటి స్తంభాలు, వాటి మధ్య సిలువ. పరాయి మతమన్న మాటకు ఆయన రాతిలో ఇచ్చిన జవాబు అది.

వద్దన్నా 1937 ఎన్నికలు ప్రత్యేక నియోజకవర్గాలతోనే జరిగాయి. ఆ విషయంలో ఆయన ఓడిపోయారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1919 ట్రాంక్విబార్ సమావేశం నుంచి ఆయన కష్టపడిన సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. 1949లో రాజ్యాంగ సభలో మతం పేరిట సీట్లు వద్దని తీర్మానించినప్పుడు దానికి మద్దతు పలికినవారిలో సభ ఉపాధ్యక్షుడు, బెంగాలీ క్రైస్తవుడు హెచ్.సి. ముఖర్జీ కూడా ఉన్నారు.