రెడ్‌క్రాసు మూలపురుషుడు హెన్రీ డ్యూనాంట్

స్విట్జర్లాండు దేశమందలి జెనీవా నగరమున 1828వ సంవత్సరము మే 8వ తేదీన హెన్రీ డ్యూనాంట్ జన్మించెను. తల్లిదండ్రులు కలవారు, దయాళువులు. బీదసాదలకు చేతనైన సాయము చేయుట ఆ యింటి వాడుక. యౌవనమున ఆయన ఆదివారములందు చెఱసాలకు పోయి ఖైదీలకు పుస్తకములు చదివి వినిపించుచుండెడివాడు. పిమ్మట బ్యాంకులో పని నేర్చి, ఫ్రెంచివారి యేలుబడిలోని అల్జీరియాలో పిండిమరల వ్యాపారమునకు పూనుకొనెను. మరలకు వలసిన నీటికిని భూమికిని ప్రభుత్వపు అనుమతి దొరకదయ్యెను. ఆ మనవి చేసికొనుటకై 1859లో, ఇటలీ రణరంగమున నున్న ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియనును వెదకికొనుచు బయలుదేఱెను.

ఆ యేడు జూన్ 24న సోల్ఫెరినో గ్రామము చెంత ఫ్రెంచి, సార్డీనియా సేనలు ఒకవైపునను, ఆస్ట్రియా సేన మఱియొకవైపునను నిలిచి తలపడినవి. యోధులు సుమారు 3,00,000 మంది. ప్రొద్దు గ్రుంకునప్పటికి హతులు, క్షతగాత్రులు, కానరానివారు కలిసి దాదాపు 40,000 మంది. గాయపడినవారిని బండ్లమీదను కంచరగాడిదలమీదను సమీపమందలి కాస్టిలియోనె పట్టణమునకు చేర్చిరి. మూడు దినములలో 9,000 మందికి పైగా వచ్చిరి. ఆ చిన్న పట్టణమున చర్చిలు, మఠములు, ఇండ్లు, వీధులు అన్నియు నిండిపోయినవి. పెద్ద చర్చిలోనే 500 మంది, దాని ముందర గడ్డిమీద మఱి 100 మంది.

ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ యూర నీరు లేకపోలేదు, ఆహారము లేకపోలేదు, కట్టుగుడ్డలును ఉండెను. అయినను మనుష్యులు ఆకలిదప్పులతో మరణించుచుండిరి. నోటికి నీరందించు చేతులు చాలకుండెను. సేనల వైద్యులు మిక్కిలి కొలదిమంది.

డ్యూనాంట్ వైద్యుడు గాడు. ప్రయాణపు తెల్లదుస్తులతోనే చర్చిలో ప్రవేశించి, ఊరి స్త్రీలను కూడదీసి, గాయములు కడుగుటకును నీరు త్రాగించుటకును వారిని నియోగించెను. ఆ యూరి మతాచార్యుడు లొరెంజో బార్జిజ్జా కూడ ఊరివారిని సేవకు పురికొల్పెను. బాలురు కుండలతోను బాల్చీలతోను ఊటబావులకును చర్చికిని నడుమ పరుగులు తీసిరి. డ్యూనాంట్ తన బండివానిని బ్రెషియా నగరమునకు పంపి నిమ్మపండ్లు, పంచదార, చొక్కాలు, పొగాకు తెప్పించెను. దారిని పోవు యాత్రికులు కొందఱు సైతము చేయివేసిరి. అందొక వర్తకుడు మరణోన్ముఖుల మాటలను వారి యింటివారికి జాబులుగా వ్రాసిపెట్టెను.

భారతమందలి స్త్రీపర్వమున కురుస్త్రీలు రణభూమికి వచ్చి తమవారిని వెదకికొని విలపింతురు. కాస్టిలియోనె స్త్రీలకు ఆ క్షతగాత్రులలో తమవారు లేరు. పైగా ఆస్ట్రియావారు ఆ నెల వఱకు తమ సీమను ఏలిన పరాయి ప్రభువులు. అయినను ఫ్రెంచివానికి పోసిన నీటినే ఆస్ట్రియావానికిని పోసిరి.

ఇంటికి మరలినను డ్యూనాంటునకు ఆ దృశ్యములు మఱపునకు రాలేదు. 1862లో సోల్ఫెరినో స్మృతులను గ్రంథముగా వ్రాసి, స్వంత ఖర్చుతో 1,600 ప్రతులు అచ్చువేయించి రాజులకును మంత్రులకును పంపెను. అప్పటికప్పుడు పోగైన జనుల జాలి గొప్పదే గాని, శిక్షణ లేనిచో అది త్వరలో అలసిపోవునని ఆయన కనుగొనెను. కావున ప్రతి దేశమునను శాంతికాలముననే స్వచ్ఛందసేవకులకు పని నేర్పి సిద్ధముగా నుంచవలెననియు, వారికి రక్షణగా దేశములు ఒడంబడిక చేసికొనవలెననియు సూచించెను. 1863 ఫిబ్రవరిలో మ్వానియే, దుఫూర్, అప్పియా, మొన్వార్ అను నలువురితో కలిసి ఆయన జెనీవాలో సంఘముగా నేర్పడెను. 1864 ఆగస్టు 22న 12 రాజ్యములు ఒడంబడికపై చేవ్రాలు చేసినవి. అందు అయిదవ నిబంధన మన పల్లెలవారు ప్రత్యేకముగా ఎఱుగదగినది. క్షతగాత్రులకు తోడ్పడు ఆ ప్రాంతపు జనులను ఎవ్వరును బాధింపరాదు. గాయపడినవానికి ఇంట చోటిచ్చిన గృహస్థునకు ఆనాటి ఆ నిబంధన ప్రకారము సైనికుల బస యుండకుండెను, యుద్ధపు పన్నులోను కొంత తగ్గింపు ఉండెను. కాస్టిలియోనె గృహిణులు చేసిన పని ఈ విధముగా శాసనమున కెక్కెను.

ఈ నడుమ మరల వ్యాపారము మూలబడెను. 1867లో డ్యూనాంట్ దివాలా తీసెను. ఋణమిచ్చినవారిలో స్నేహితులును బంధువులును కలరు. వారి నష్టమును చిన్నదిగా చూపుట న్యాయము గాదు. మఱునాటి యేడు న్యాయస్థానము ఆయనను తప్పుపట్టెను. సంఘమునుండి తొలగి, జెనీవాను వీడి, మరల ఆ నగరమున అడుగిడలేదు. పారిసులో ఒకానొకప్పుడు కోటు చిరుగులపై సిరా పూసికొని తిరిగెను. ఆయన స్థాపించిన కార్యము దేశదేశముల ప్రబలుచుండగా ఆయన పేరు మఱుగుపడెను.

1887లో హైడెన్ అను కొండపల్లె చేరెను. 1892 నుండి అచ్చటి ఆస్పత్రిలోని ఒక గదియే ఆయన నివాసము. 1895లో ఒక పత్రికారచయిత ఆయనను కనుగొని వ్రాయగా లోకము ఉలికిపడెను. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానమును ఫ్రెడెరిక్ పాసీతో కలిసి పొందెను. ఆ ధనమును తనకై వాడుకొనలేదు. 1910 అక్టోబరు 30న ఆ గదిలోనే కన్నుమూసెను. ఆ యూరి బీదలలో ఎవ్వరు జబ్బుపడినను రుసుము లేకుండ పరుండి వైద్యము పొందుటకై హైడెన్ ఆస్పత్రిలో ఒక మంచమునకు శాశ్వతముగా ధనము వ్రాసియిచ్చెను.