డోర్నకల్ బిషప్పు అజరయ్యగారి జీవితము

మన పాఠశాలలోని పిల్లలు పరీక్షల దినములలో మాయొద్దకు వచ్చి తమకొరకు ప్రార్థింపుమని కోరుదురు. పరీక్షలు ముగిసిన పిమ్మట ఆ పనిమీద వచ్చువారు మిక్కిలి తక్కువ. దీనిని నిందగా వ్రాయుట లేదు, మేమును అట్టివారమే. పెద్ద ఆపద వచ్చినప్పుడు దేవుని బలము నాశ్రయింతుము గాని, కోపము, సోమరితనము, అసూయ, ఇరుగుపొరుగువారితో మాటపట్టింపు మొదలైన నిత్యపు పోరాటములను మన సొంత బలముతోనే నెట్టుకొని రాగలమని తలంతుము. సంవత్సరారంభమున వేకువనే లేచి వేదపఠనము చేయుదుమని తీర్మానించుకొని, సంక్రాంతి రాకమునుపే ఆ తీర్మానమును మరచినవారిలో ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును ఉన్నాము. కావున ఈ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయవలసివచ్చినప్పుడు మా మనస్సు డోర్నకల్ బిషప్పు అజరయ్యగారి వైపునకు పోయెను. అజర్యా యను హెబ్రీ నామమునకు యెహోవా సహాయము చేసెనని అర్థము. ఆ పేరు వారి బ్రతుకునకు ఎట్లు సరిపడెనో చూతము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళ దేశమందలి తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి తోమా వేదనాయగంగారు హిందూమతమునుండి క్రీస్తును నమ్ముకొని, పిమ్మట పల్లెసంఘమునకు గురువైనవారు. తల్లి పేరు ఎల్లెన్. తాటిచెట్లు గీయుట కులవృత్తిగా గల నాడార్ జనులను ఆ కాలమున పైకులములవారు చిన్నచూపు చూచెడివారు. అజరయ్యగారి వంశము ఆ జనులలోనిదే. తండ్రి వీరి పిన్నవయస్సునందే చనిపోయిరి. తల్లి కుమారుని భయభక్తులతో, కఠినమైన క్రమశిక్షణతో పెంచినది. విద్యార్థిగా నున్నప్పుడే తోడి పిల్లలతో కలిసి కులభేదములను పోగొట్టుటకు ఒక చిన్న సమాజము నేర్పరచుకొనిరని వారి చరిత్రకారులు తెలుపుదురు.

తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. మన విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధతో చదువవలెను. పట్టపరీక్షలు వచ్చినవి. గణితశాస్త్ర పరీక్ష సమయమునకు వీరు జబ్బుపడిరి. ఆ పరీక్ష వ్రాయలేకపోయిరి. పట్టము రాలేదు. తండ్రి లేని యింటి కుమారునికి, ఏండ్ల తరబడి చదివిన చదువునకు ఇది ఎంతటి దెబ్బయో తలిదండ్రులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. వీరు మరల ఆ పరీక్షకు పోలేదు. 1895లో ఇరువది యొక్క సంవత్సరముల వయస్సున యువజన క్రైస్తవ సంఘమునందు కార్యదర్శియై, దక్షిణ దేశమంతట తిరుగుచు యువకులకు బోధింపసాగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను గుణవతిని పెండ్లాడిరి. పట్టము లేని కొరత చాలకాలము వారి మనస్సున మెదలియుండవచ్చును. పెద్ద చదువులవారి నడుమ తిరుగువానికి అట్టి కొరత దినదినము గుచ్చుచుండును. అపొస్తలుడైన పౌలునకు ఒక ముల్లు ఉండెనని చదువుచున్నాము గదా.

1902లో వీరు సింహళద్వీపమందలి యాఫ్నాకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుచుండిరి. అది చూచి వీరికి సిగ్గు కలిగెను. తిరునెల్వేలి సంఘము ఎంతో పాతది, జనసంఖ్యలో పెద్దది. అయినను సువార్తపనియంతయు దొరలదే యనుకొని ఊరకుండెను. ఆ భారముతో ప్రార్థించి తిరిగి వచ్చి, మరుసటి సంవత్సరము, అనగా 1903లో, స్నేహితులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. ధనము భారతీయులది, పనివారు భారతీయులు, నడిపించువారును భారతీయులు. 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున, కేరీగారు పనిచేసిన స్థలమందే, నేషనల్ మిషనెరీ సొసైటీ పుట్టుటలోను వీరి చేయి గలదు.

తిరునెల్వేలివారు తమ పనికి ఎన్నుకొన్న క్షేత్రము మన తెలుగు దేశమందలి డోర్నకల్. అది నాడు నిజాము రాజ్యములో వరంగల్ వైపు అడవి ప్రాంతము. నేడు మహబూబాబాద్ జిల్లాలో నున్నది. సికింద్రాబాదు నుండి విజయవాడకు పోవు రైలులో వెళ్ళువారు మహబూబాబాద్ దాటిన పిమ్మట ఆ జంక్షనును చూడగలరు. సింగరేణి బొగ్గుగనుల వైపు చీలు మార్గము అక్కడనే కలదు. పొమ్మని ఇతరులకు బోధించుట సులభము. ఎన్నో సభలలో యువకులను సేవకు పిలిచిన అజరయ్యగారికి, తామే ఎందుకు పోరాదను ప్రశ్న ఎదురాయెను. ముప్పదియైదేండ్ల ప్రాయము, భార్యాబిడ్డలు, దేశమంతట పేరు, మంచి ఉద్యోగము. ఇవన్నియు ఒక ప్రక్క. తెలియని భాష, జ్వరములు గల అడవి ప్రదేశము మరియొక ప్రక్క. 1909లో ఉద్యోగము మాని, గురుపట్టము పొంది, కుటుంబముతో డోర్నకల్ చేరిరి.

ఆ వయస్సున తెలుగు నేర్చుకొనుట యెట్టిదో భాషోపాధ్యాయులమైన మాకు కొంత తెలియును. వేలమంది యెదుట తమిళమునను ఆంగ్లమునను ధారాళముగ మాటలాడినవారు, పసిపిల్లవానివలె ఓనమాలతో ఆరంభింపవలసి వచ్చెను. ప్రసంగవేదికమీద గొప్పవాడైన మనుష్యుడు పల్లెటూరి ముసలమ్మ యెదుట మాట దొరకక తడబడుట అను చిన్న అవమానమును దినదినము భరించుటకు ఎంతటి కృప కావలెను! రక్తము చిందించు హతసాక్షిత్వము కంటె ఇదియే కొందరికి కష్టమని మా అభిప్రాయము. కాలక్రమమున వీరు తెలుగులో చక్కగ బోధింపగలవారైరి.

మరుసటి యేట, 1910 జూను నెలలో, స్కాట్లాండు దేశపు ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. రమారమి పండ్రెండువందల మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమందికి మించరు. పాశ్చాత్య మిషనెరీలకును దేశీయ పనివారికిని గల సంబంధమునుగూర్చి మాటలాడు భారము అజరయ్యగారిమీద పడెను. ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. ఆ దినములలో అనేక మిషనెరీలు దేశీయ గురువులతో కలిసి భుజింపరు, తమ యిండ్లకు అతిథులుగ పిలువరు, చేయి కలుపుటకును వెనుదీయుదురు. ఇదంతయు వీరు కన్నులార చూచినదే. ఇట్టి అన్యాయమును చూచినవానికి రెండు శోధనలు వచ్చును. మేలుచేసినవారిని నొప్పింపరాదని మౌనముగ నుండుట యొకటి. మనస్సులోని చేదునంతయు కక్కివేయుట మరియొకటి. వీరు ఈ రెంటిలో దేనికిని లోబడలేదు. మిషనెరీలు చేసిన త్యాగములకు మనఃపూర్వకముగ కృతజ్ఞత తెలిపిరి. పిదప, ప్రాణములనైన ఇచ్చినవారు స్నేహమును మాత్రము ఇయ్యలేదని నిర్మొగమాటముగ చెప్పి, తమకు కావలసినది స్నేహితులని వేడుకొనిరి. సభ నిశ్చేష్టమాయెను. కొందరికి కోపము వచ్చెను. ఇంటికి వేల మైళ్ళ దూరమున, గురుపట్టము పొంది ఏడాదియైన నిండని యువకుడు, తనకు మేలుచేసినవారి ముఖముననే సత్యము చెప్పుచు ప్రేమను విడువకుండుట మనుష్యబలము వలన కాగలదని మేము నమ్మజాలము. మన పాఠశాలలో చిన్న తగవు వచ్చినప్పుడు ఉపాధ్యాయులమైన మేము సత్యమును ప్రేమను ఒక్క వాక్యమున ఇముడ్చలేక ఎన్నిసార్లు ఓడిపోయితిమో మా సహోద్యోగులకు తెలియును.

మద్రాసు బిషప్పుగారైన వైట్‌హెడ్ దొరగారు వీరిని డోర్నకల్‌కు బిషప్పుగ చేయవలెనని పట్టుబట్టిరి. భారతీయునికి ఆ పదవి తగదని ఐరోపావారిలో కొందరును, కులమును తలంచి స్వదేశీయులలో కొందరును అడ్డుపలికిరి. పరుల తిరస్కారము కంటె స్వజనుల తిరస్కారము ఎక్కువగ నొప్పించును. అయినను 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ దేవాలయమున వీరికి అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు వీరే.

బిషప్పనగానే మన పిల్లలు మేడను మోటారుకారును తలంతురేమో. వీరి కాలములో ఎక్కువ భాగము ఎద్దుబండిమీదను, కాలినడకను, పల్లెలోని చెట్టునీడలోను గడచెను. సంఘములో చేరుచున్నవారిలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెలవారు. వారి పోరాటములు పుస్తకములలోనివి కావు. వెట్టిచాకిరి, అప్పు, కల్లు, కలరా వచ్చినప్పుడు గ్రామదేవతకు బలి యియ్యకున్న ఏమగునో యను భయము. వీనికి తోడు, క్రైస్తవులైన పిమ్మటను మాల మాదిగలు కలిసి కూర్చుండుటకు ఇష్టపడకపోవుట. ఇట్టివారికి దేవుని బలమునుగూర్చి పెద్ద ప్రసంగము చేసి వెళ్ళిపోయిన ప్రయోజన మేమి? అజరయ్యగారు దానిని దినచర్యగ మార్చిరి. పల్లెపల్లెకు ఉపాధ్యాయుని నియమించిరి. ప్రొద్దుగ్రుంకి జనులు పొలములనుండి వచ్చిన పిమ్మట ప్రార్థనకు కూడుట, చదువురానివారికి ప్రభువు ప్రార్థనయు పది ఆజ్ఞలును విశ్వాసప్రమాణమును నోటిపాఠముగ నేర్పుట, తెలుగు కీర్తనలతోను భజనలతోను కాలక్షేపములతోను వేదకథలను చెప్పుట, పంటకాలమున ధాన్యముతో కృతజ్ఞతార్పణ పండుగ చేయుట, ఇవి వారి పద్ధతులు. గురువులకు మాత్రమే గాక వారి భార్యలకును శిక్షణ నిప్పించిరి. ఈ పనిలో అన్బు మరియమ్మాళ్‌గారు చేసిన కృషి మెండు.

ఇల్లాండ్రు వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు దేవునికని వేరుకుండలో వేయుట మన తెలుగు సంఘములలో ఎరిగిన ఆచారమే. అజరయ్యగారు కానుకలనుగూర్చి ఎంతో బోధించిరి, క్రైస్తవ దానమునుగూర్చి ఒక పుస్తకమును వ్రాసిరి. తమకే చాలీచాలని యింట ఆ పిడికెడు బియ్యము తీయుటలో గల పోరాటమును తలంపుడు. ఇది పేదలమీద భారము మోపుట గాదా యని అడుగువారు గలరు. మేమును ఒకప్పుడు అట్లే తలంచితిమి. కాని భిక్షాపాత్రముగ నెంచబడిన జనులు ఇచ్చువారైనప్పుడు వారి వెన్నెముక నిటారగుటను ఏ పల్లెసంఘమునందైనను చూడవచ్చును. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చేయి పెట్టుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త ప్రకటింపకుండిన తమకు శ్రమయనియు పౌలు మాటలను తలంచి ఒప్పుకొనుట వారు నేర్పిన మరియొక అలవాటు. బిషప్పు మరల ఎప్పుడో వచ్చును; తలమీది చేయి మాత్రము ప్రతిదినము గుర్తుండును. వీరి చివరి యేండ్లకు ఆ మండలమందలి క్రైస్తవులు రెండు లక్షలకు పైబడిరి.

వీరికి తీరని కోరిక యొకటి యుండెను. పల్లెలోని పేదవాడు క్రీస్తునొద్దకు వచ్చిన పిమ్మట ఆంగ్లికన్ అనియు, మెథడిస్టు అనియు, ప్రెస్బిటేరియన్ అనియు చీలిపోవుట వీరిని మిక్కిలి బాధించెను. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పదిముగ్గురు సేవకులు ఐక్యమునుగూర్చి కూడిన సభకు వీరు అధ్యక్షత వహించిరి. 1927లో లౌసాను సభయందును ఈ సంగతినే ప్రపంచసంఘముల యెదుట వాదించిరి. సమితి పిమ్మట సమితి, తర్కము పిమ్మట తర్కము. ఇరువదియైదేండ్లు గడచినను పని తెమలలేదు. జవాబు కనబడని ప్రార్థనను ప్రతి ఉదయమును మరల చేయుట కంటె విసుగు పుట్టించు పోరాటము మరియొకటి లేదు. అజరయ్యగారు 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్‌లో కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో స్థాపితమాయెను.

మా మీర్‌పేట నుండి కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని మేమొకసారి డోర్నకల్ పోయితిమి. సికింద్రాబాదులో రైలెక్కి, దారిలో పులిహోర పొట్లములు విప్పి, జంక్షనులో దిగి, ఎపిఫనీ దేవాలయమును చూచితిమి. ఏండ్లకొలది ధనము చాలక మెల్లమెల్లగ కట్టబడి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన మందిరమది. గుమ్మటములు మసీదును, స్తంభముల వరుసలు దక్షిణాది గుడి మండపమును తలపించును. వాని నడుమ సిలువ. పల్లెవాడు లోపలికి వచ్చినప్పుడు పరాయియింట అడుగుపెట్టినట్లు తోచకూడదని బిషప్పుగారి తలంపు. పిల్లలు చాలసేపు మౌనముగ చూచిరి. తరువాత, లెక్కలలో మిక్కిలి వెనుకబడిన ఒక బాలుడు మా చేయి పట్టుకొని, అయ్యగారు ఆ గణితపరీక్షను తరువాతనైన వ్రాసిరా యని అడిగెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు వీరికి గౌరవ డాక్టరు పట్టము నిచ్చిరని చెప్పితిమి. వానికి అది చాలలేదు. వ్రాసిరా లేదా చెప్పవలెనని మరల అడిగెను. వ్రాయలేదంటిమి. వాడు కొంతసేపు ఆలోచించి, నవ్వి, తోడివారిని కలిసికొనుటకు పరుగెత్తెను.