కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్

కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ (మరణం: 1985 సెప్టెంబరు) ద్రాక్ష శాస్త్రవేత్త, వైన్ తయారీదారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు చలికి ఐరోపా ద్రాక్ష బ్రతకదని నిపుణులు తీర్మానించిన కాలంలో, దానిని అక్కడే పండించి చూపిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు.

తొలి జీవితం

ఫ్రాంక్ 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో, నాటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఉక్రెయిన్‌లో, జర్మన్ సంతతి కుటుంబంలో జన్మించాడు. ఒడెస్సాలో చదివి, శీతల ప్రాంతాలలో ద్రాక్ష సాగుపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. అక్కడి రైతులు చలికాలంలో తీగలను మట్టితో కప్పి కాపాడుకొనేవారు. సోవియట్ పాలనలో ఒక పెద్ద ద్రాక్ష క్షేత్రాన్ని నిర్వహించిన ఫ్రాంక్, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో స్వదేశం విడిచి, 1951లో భార్యాబిడ్డలతో అమెరికా చేరాడు. అనేక భాషలు తెలిసినా ఇంగ్లీషు రాదు. అందువలన న్యూయార్క్ నగరంలోని ఒక భోజనశాలలో పాత్రలు కడిగాడు. తరువాత అదే రాష్ట్రంలోని జెనీవా వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరినా, దొరికినది పొలంలో కలుపు తీసే కూలి పనే.

వివాదాంశం

అమెరికా తూర్పు ప్రాంతంలో సహజంగా పెరిగేది లాబ్రుస్కా జాతి ద్రాక్ష. చలికి తట్టుకొంటుంది గాని దాని వైన్‌కు ఒక ఘాటైన వాసన ఉంటుంది. బెంగుళూరు బ్లూ ద్రాక్ష తిన్నవారికి ఈ వాసన పరిచితమే, దానిలోనూ లాబ్రుస్కా అంశ ఉన్నది. మేలైన వైన్‌లకు పేరుపొందినది ఐరోపా వినిఫెరా జాతి. హైదరాబాదు పరిసరాలలో ఒకప్పుడు విస్తారంగా పండిన అనాబ్-ఎ-షాహీ కూడా ఈ జాతిదే. థామస్ జెఫర్సన్ సహా ఎందరో తూర్పు తీరంలో వినిఫెరాను నాటి విఫలులయ్యారు. కారణం చలియేనని అందరూ భావించారు.

ఫ్రాంక్ దీనిని అంగీకరించలేదు. ఉక్రెయిన్‌లో ఇంతకంటె తీవ్రమైన చలిలో ఆ తీగలు పండటం ఆయన స్వయంగా చూచినదే. వేర్లను తినే ఫిల్లాక్సెరా పురుగు, బూజు తెగుళ్ళు పూర్వపు తోటలను చంపాయనీ, సరియైన వేరుమొక్కపై అంటుకడితే తీగ శీతాకాలానికి ముందే ముదిరి గట్టిపడుతుందనీ ఆయన వాదం. మామిడి అంట్లు కట్టే ఉత్తరాంధ్ర రైతులకు ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు.

గోల్డ్ సీల్ ప్రయోగాలు

హామండ్స్‌పోర్ట్‌లోని గోల్డ్ సీల్ వైన్ సంస్థ అధిపతి, ఫ్రెంచి దేశీయుడైన షార్ల్ ఫూర్నియే ఈ కూలివానిలోని పండితుని గుర్తించి తన సంస్థలో చేర్చుకొన్నాడు. ఇద్దరూ కలిసి, త్వరగా ముదిరే వేరుమొక్కల కోసం కెనడాలోని క్యుబెక్ వరకు వెదకి, వేలాది అంట్లు కట్టి పరీక్షించారు. 1957 ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 32 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. చుట్టుపక్కల స్థానిక జాతుల తీగలు సైతం దెబ్బతినగా, ఫ్రాంక్ నాటిన రీస్లింగ్, షార్డొనే తీగలు ఆ ఏడాది కాపు కాశాయి.

సొంత తోట

1962లో ఫ్రాంక్ క్యూకా సరస్సు ఒడ్డున వినిఫెరా వైన్ సెల్లార్స్ స్థాపించాడు. లోతైన ఆ సరస్సు వేసవి వేడిమిని నిలుపుకొని శీతాకాలంలో ఒడ్డున చలి తీవ్రతను తగ్గిస్తుంది. నాటి అమెరికాలో వైన్‌లను బర్గండీ, షాబ్లీ వంటి అరువు ఊరిపేర్లతో అమ్మటం పరిపాటి. ఫ్రాంక్ మాత్రం రీస్లింగ్, పినో న్వార్, గెవుర్జ్‌ట్రామినర్ అని ద్రాక్ష రకం పేరుతోనే అమ్మాడు. జార్జియా దేశపు ర్కాట్సిటెలి, సపెరావి రకాలను కూడా పెంచాడు.

ఈయన మొండివాడు, కోపిష్ఠి. ఫ్రెంచి సంకర జాతుల ద్రాక్ష ఆరోగ్యానికి హానికరమని పట్టుబట్టి ప్రచారం చేశాడు. దానికి తగిన ఆధారం లేదు. ఆ రకాలపై ఆధారపడిన రైతులకు ఇది బాధ కలిగించింది. అయితే నేర్చుకోవాలని వచ్చిన ఔత్సాహికులకు మాత్రం అడిగినదంతా చెప్పేవాడు. తూర్పు రాష్ట్రాలలో పలు వినిఫెరా తోటలు వారి ద్వారానే మొదలయ్యాయి.

ఫ్రాంక్ తరువాత సంస్థను కుమారుడు విల్లీ, 1993 నుండి మనుమడు ఫ్రెడ్ నడిపారు.