ఏ స్థానంలోనైనా ఒదిగిన ఆటగాడు – మార్టిన్ డిహిగో

క్రికెట్ తెలియనివారు మన సభ్యులలో ఉండరు గాని, బేస్‌బాల్ పరిచయం తక్కువ. జట్టుకు తొమ్మిది మంది. బంతి విసిరేవాడు పిచ్చర్, మన వికెట్ కీపరులా వెనుక కూర్చునేవాడు క్యాచర్, మిగిలినవారిలో ఎవరి చోటు వారిది. ఒక చోట ఆరితేరడానికే చాలామందికి జీవితకాలం చాలదు. ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ నిలబడగలవాడిని యుటిలిటీ ఆటగాడంటారు. మన ఆఫీసులలోనూ ఇటువంటివారు ఉండేవారు. క్యాష్, ఎస్టాబ్లిష్‌మెంట్, స్టోర్సు, ఏ సీటులో వేసినా నెగ్గుకొచ్చేవారు. ప్రమోషన్ లిస్టులో మాత్రం వారి పేరు కనబడేది కాదు!

ఈ కోవలో అగ్రగణ్యుడు క్యూబా దేశీయుడైన డిహిగో. 1906 మే 25న మతాంజాస్ ప్రాంతంలో జన్మించారు. 1923లో క్యూబన్ స్టార్స్ జట్టుతో అమెరికా వెళ్ళారు. వంపు తిరిగే బంతిని కొట్టడం మొదట్లో ఆయనకు చేతకాలేదు. పట్టుబట్టి నేర్చుకున్నారు. పిచ్చరుగా, లోపలి స్థానాలలో, దూరపు ఫీల్డింగులో, ఎక్కడ నిలబెట్టినా మేటి అనిపించుకున్నారు.

అయితే ఆయన నల్లజాతివారు. ఆ రోజులలో అమెరికా మేజర్ లీగులలో నల్లవారికి ప్రవేశం లేదు. అందుచేత నీగ్రో లీగులని పిలువబడిన విడి పోటీలలోనే ఆడవలసి వచ్చింది. వేసవిలో అక్కడ, శీతాకాలంలో క్యూబాలో. 1935లో న్యూయార్క్ క్యూబన్స్‌కు ఆటగాడూ, మేనేజరూ తానే అయి ఛాంపియన్‌షిప్ పోటీ దాకా నడిపించారు. పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ చేతిలో ఏడవ ఆటలో టైటిల్ చేజారింది.

ఆయన ప్రతిభ పూర్తిగా బయటపడింది మెక్సికోలో. 1937లో ప్రత్యర్థులలో ఒక్కరికీ హిట్ దక్కకుండా బంతులు విసిరి, మెక్సికన్ లీగులో ఆ ఘనత సాధించిన మొదటివారయ్యారు. 1938లో వెరాక్రూజ్ జట్టు తరఫున పిచ్చరుగా 18 గెలుపులు, 2 ఓటములు. అదే సంవత్సరం బ్యాటింగ్ సగటు .387, అంటే పదిసార్లకు దాదాపు నాలుగు హిట్లు. మూడు కొట్టినవాడే గొప్పవాడనిపించుకునే ఆట ఇది. పైగా పిచ్చర్లు సాధారణంగా బ్యాటు పట్టడంలో అంతంతమాత్రం.

1947లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగులో అడుగుపెట్టి ఆ కట్టుబాటును తెంచేనాటికి డిహిగోకు నలభై ఏళ్ళు నిండాయి. ఆయనకు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఆట విడిచాక రేడియోలో వ్యాఖ్యానం చెప్పారు. బటిస్టా పాలనలో స్వదేశం వదలి వెళ్ళి, 1959 విప్లవం తరువాత తిరిగివచ్చి యువకులకు ఆట నేర్పారు. 1971 మే 20న, అరవై అయిదు నిండడానికి అయిదు రోజుల ముందు, సియెన్‌ఫ్యూగోస్‌లో కన్నుమూశారు.

క్యూబా 1951లో, మెక్సికో 1964లో తమ ఖ్యాతిమందిరాలలో ఆయనకు చోటిచ్చాయి. అమెరికా మాత్రం 1977లో, అంటే మరణించిన ఆరేళ్ళకు ఇచ్చింది. నీగ్రో లీగులు కూడా మేజర్ లీగులేనని 2020లో ప్రకటించి, 2024లో ఆ ఆటగాళ్ళ లెక్కలను అధికారిక రికార్డులలో కలిపారు. మన పరిభాషలో నోషనల్ ప్రమోషన్ అన్నమాట. సర్వీసు కలిసింది, ఎరియర్సు లేవు.